అరవై ఒకటో నంబరు

కెమిస్ట్రీ ల్యాబులో ఇద్దరికో బల్ల. అరవై మందికి జతలు కుదిరాక మిగిలిపోయేది అరవై ఒకటో నంబరు త్రివేణి. నంబర్లు పేర్ల వరుసలో కాక అడ్మిషన్ జాబితా వరుసలో ఇస్తారు, రిజర్వేషన్ వాళ్లు చివరన. నంబరు పిలిస్తే చాలు, ఆమె ఎవరో క్లాసంతటికీ తెలిసిపోతుంది.

సొంతూరు మర్ఖేల్‌లో కూలికి పోయే తల్లి వెంకవ్వ ఫోన్ చేసినప్పుడల్లా దోస్తులయిండ్రా అని అడుగుతుంది. అయ్యారని అబద్ధం చెప్పీ చెప్పీ త్రివేణికి విసుగొచ్చింది.

జూలై వానలో నాందేడ్ తడిసి ముద్దవుతుంటే, లైబ్రరీ మెట్ల మీద ఒకబ్బాయి ఆమెను ఢీకొట్టాడు. అందరూ మరాఠీ మాట్లాడే ఆ కాలేజీలో ఇద్దరూ ఒకేసారి తెలుగులో విసుక్కుని, ఆ వెంటనే నవ్వేశారు. ఆశిష్, రైల్వే క్వార్టర్స్ అబ్బాయి, రెండేళ్లు సీనియర్. ఆనాటి నుంచి రోజూ పది నిమిషాలు ఆమె ఊరి యాసను ఆటపట్టించేవాడు. ఆ పది నిమిషాల కోసమే ఆమె కాలేజీకి వచ్చేది.

ఇంతలో విద్యార్థులపై వివక్షను ఆపే నియమాల పరిధి పెరిగిందంటూ కాలేజీలో కొత్త కమిటీ వేశారు. కులం పేరుతో తిట్టడమే కాదు, కులాన్ని బయటపెట్టే ఇలాంటి నంబర్ల జాబితాలూ తప్పేనట. అందులో విద్యార్థి సభ్యుడు ఆశిషే. ఫిర్యాదు రాయమని అతనే బతిమాలితే, భయపడుతూనే రాసింది.

మర్నాటి నుంచి అతను పలకలేదు. ఎదురుపడితే తల వంచుకుని పోయాడు. కమిటీ పని కోసమే తనతో చనువుగా ఉన్నాడనుకుని త్రివేణి లైబ్రరీ వైపు వెళ్లడం మానేసింది. మొదట్నుంచీ ఎవరూ లేకపోవడం కంటే, ఉన్న ఒక్కడూ లేకుండా పోవడం ఎక్కువ బాధగా ఉంది.

నెల తర్వాత అక్షర క్రమంలో కొత్త జాబితా వచ్చింది. ఆమెకు యాభై నాలుగో నంబరు, పక్కన ఒక జత. నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఉన్న ఆశిష్ ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

"పని అయిపోయింది గదా, ఇంక నాతోని మాటలేంది?" అంది.

"ఫిర్యాదు తేలేదాక ఇచ్చినోళ్లతోని మెంబరు మాట్లాడొద్దని రూలు. మాట్లాడితే నీ కేసే ఖరాబైతుండె."

"గా ముక్కన్న చెప్పరాదా?"

"చెప్పుడు సుత మాట్లాడుడే గదా."

నవ్వొచ్చినా ఆమె ఆపుకుంది. అతను గొంతు తగ్గించాడు. "జాబితా మారినా, నీ ఫిర్యాదు పూర్తిగ తేలేతందుకు ఇంకో నెల పడ్తదట. అందుకే ఇయ్యాల కమిటీకి రాజీనామా ఇచ్చిన. నువ్వంటే ఇష్టం త్రివేణీ. ఇంకో నెల గిట్ల నాతోని కాదు."

ఆ మాట కోసం ఎంత ఎదురుచూసిందో అప్పుడు తెలిసింది ఆమెకు. కళ్లు తుడుచుకుంది.

"రాజీనామా వాపస్ తీస్కో. నా లెక్క ఒంటరిగ కూసున్నోళ్లు ఇంక శానమంది ఉన్నరు."

"మళ్ల మాట్లాడొద్దంటే?"

"ఆగుత. ఈసారి ఎందుకో తెల్సి ఆగుత."