మీసం మీద పట్టీ

ఉతికిన తువ్వాళ్లు తల్లి సంచిలో సర్దుతుండగా ఆసుపత్రి వార్డు నుంచి ఫోను వచ్చింది. కూతురు ఎత్తింది. వింటూనే స్టవ్ కట్టేసింది.

"నాన్న మళ్లీ గొట్టం పీకేశాడట," అంది.

ఇది మూడోసారి. తండ్రి బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. గుటక వేస్తే నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని, ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి దాంట్లోంచే ఆహారం పంపిస్తున్నారు. ఎడమ చెయ్యి మాత్రం పనిచేస్తుంది. పీకేది ఆ చెయ్యే.

కొడుకు తల తుడుచుకుంటూ వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది.

"ఇక వేయించొద్దు," అన్నాడు.

"ఏంటి వేయించొద్దు?"

"గొట్టం. నోరు లేని మనిషి వద్దని ఇంకెలా చెప్తాడే?"

"చెయ్యి కట్టేస్తే సరిపోయె. సిస్టర్ చెప్పిందిగా, మెత్తటి తొడుగేదో వేస్తారట."

"నీ చెయ్యి కట్టేసి నీ ముక్కులో పెడితే తెలుస్తుంది."

"అయితే పస్తు పడుకోబెడతావా? నాన్న నీకంత బరువైపోయాడా అన్నయ్యా?"

"నోటికొచ్చినట్టు వాగకు. రోజూ ఒళ్లు తుడిచేది నేను."

"తుడిస్తే? ఆయన ప్రాణం నీ పేరున రాసిచ్చారా?"

"చాలు ఆపండిరా," అంది తల్లి. "ముందు పదండి."

బస్సులో అన్నాచెల్లెళ్లు చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు. తల్లి మధ్య సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుంది. ఎవరి పక్క కూర్చున్నా రెండోవాళ్లకు కోపమని.

వార్డు గుమ్మంలోనే డైటీషియన్ ఎదురైంది. "అమ్మా, గొట్టం బయటికొచ్చినప్పుడల్లా ఆ పూట ఆయన పస్తే. వెళ్లాల్సిన దాంట్లో సగం కూడా లోపలికి వెళ్లట్లేదు. కండ కరుగుతోంది. నడుము దగ్గర పుండు అందుకే మానట్లేదు. ఒంట్లో సత్తువ లేకపోతే గుటక వేయడం నేర్పినా పట్టుబడదు. మధ్యాహ్నం డాక్టరుగారు అడుగుతారు. ఏం చేయాలో మీరంతా ఒక మాట మీదకు రండి."

కొడుకు, కూతురు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మంచం దగ్గర నర్సు పాత పట్టీ ఊడదీస్తోంది. మొదట్లో ముక్కు మీద చర్మం ఒరుసుకుపోతే గొట్టాన్ని పైపెదవికి అతికించారు. అంటే మీసానికి. ఆమె మెల్లగానే లాగింది. అయినా వెంట్రుకలు వచ్చాయి, ఆయన కంట్లో నీళ్లు తిరిగాయి. పట్టీ పోయాక ఎడమ చెయ్యి పైకి లేచింది. కూతురు గబుక్కున పట్టుకుంది.

"వదులు," అంది తల్లి.

"పీకుతాడమ్మా."

"పీకడానికి అక్కడ ఏముంది? వదులు."

చెయ్యి నేరుగా పైపెదవి మీదకు వెళ్లింది. రుద్దింది. ఆగి మళ్లీ రుద్దింది.

తల్లి మంచం అంచున కూర్చుంది. పట్టీ పెదవి మీదకు మార్చిన రోజునే ఈ నర్సు అడిగింది, మీసం తీసేద్దామా అని. తనే అడ్డం నిలబడింది. అదొక్కటీ ముట్టుకోవద్దమ్మా అంది. డిపోలో అందరికీ ఆయన మీసాలాయనే. సగం ఒళ్లూ మాటా పోయాక, మంచం మీదున్నది తన మనిషేనని ఆమె ఆ మీసాన్ని చూసే నమ్ముకుంది. పట్టీ వదులైనప్పుడల్లా లాగి కొత్తది వేశారు. ఆ బాధ ఆయనది.

ఆమె ఆయన చేతిలో చెయ్యి పెట్టింది.

"ఏమండీ, ఈ పట్టీయేనా మీ బాధ? అయితే నొక్కండి."

నొక్కాడు.

"గొట్టమే వద్దా? వద్దంటే నొక్కండి."

చెయ్యి కదల్లేదు. ఆమె అదే మాట మళ్లీ అడిగింది. కదల్లేదు.

"మీరిద్దరూ పొద్దున్నుంచీ నన్ను తిట్టాల్సింది పోయి ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు," అంది పిల్లలతో. "ఇది నా నిర్వాకం."

"ముక్కు మీద చర్మం మానింది," అంది నర్సు. "పట్టీ ఈసారి అక్కడా, చెంప మీదా వేస్తాను. పెదవికి మందు రాయాలంటే మాత్రం మీసం తీయాల్సిందే."

"తీద్దాం," అంది తల్లి.

కొడుకు కత్తెర అందుకున్నాడు. చెల్లెలు తడి దూది పట్టుకుని నిలబడింది. ముందు కత్తిరించి, తర్వాత రేజరుతో తీశాడు. అడుగున చర్మం ఎర్రగా పొక్కిపోయి ఉంది. అతని చెయ్యి ఆగిపోయింది.

"డాక్టరుకు వద్దని చెప్పేద్దామనే వచ్చానే," అన్నాడు చెల్లెలితో. "పోదామనుకుంటున్నాడని అనుకున్నాను. మంట పుట్టి గీరుకుంటున్నాడు మనిషి."

"నేను మాత్రం తక్కువా? ఆ ఒక్క చెయ్యి కూడా కట్టేయమన్నాను," అంది ఆమె. "కానివ్వు, ఇటు పక్క ఇంకొంచెం ఉంది."

డాక్టరు వచ్చేసరికి ముగ్గురిదీ ఒకే మాట. గొట్టం మళ్లీ వేశారు. సరిగ్గా పొట్టలోకే దిగిందని ఎక్స్‌రే తీసి చూశారు. మంచం తల భాగం ఎత్తి, ఆహారం సంచి తగిలించి, నర్సు ధార వదిలే మర తిప్పబోయింది.

"ఒక్క నిమిషం సిస్టర్," అన్నాడు కొడుకు. తండ్రి ఎడమ చేతిలో చెయ్యి పెట్టి మొహం దగ్గరికి వంగాడు. "నాన్నా, తిండి పెడుతున్నారు. పెట్టమంటావా? ఎవరూ నిన్ను కట్టేయరు. నీ మాటే మా మాట."

తండ్రి అతని వంక చూశాడు. వేళ్లు మెల్లగా కొడుకు అరచేతిని నొక్కాయి. ఒకసారి నొక్కి వదల్లేదు, పట్టుకునే ఉన్నాడు.

కొడుకు ఆ చెయ్యి విడిపించుకోకుండానే నర్సుకు తల ఊపాడు. గొట్టంలో తెల్లటి ద్రవం దిగసాగింది.

ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ చూడని ఆ పైపెదవిని తల్లి చూస్తూ నిలబడింది. పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ తినలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఆయన తింటున్నారు. మీరూ వెళ్లి ఏదన్నా తినండిరా," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఎవరూ కదల్లేదు.