వీడియోలో కోసేసిన రెండు సెకన్లు

వీరబాబుకు ఉపగ్రహాలు తెలుసు, ఆగ్రహాలు తెలీవు. ఆ రెండో సబ్జెక్టు భద్రాచలం సైన్సు ఫెయిర్‌లో, నూటయాభై మంది పిల్లల ముందు మొదలైంది.

మధిర కుర్రాడు, పీహెచ్‌డీ స్కాలరు. స్కాలరు కదా, కాలరు కాస్త ఎగిరే ఉండేది. శాటిలైట్ పక్కకు తిరిగితే దాని పొడవాటి సోలార్ రెక్కలు ఊగుతాయి. ఆ రెక్కల ఊపు ఆపే లెక్కలే అతని చదువు.

తెర మీద తను తీసిన వీడియో వేశాడు. టేకులపల్లి దారి, వాన, ఒకమ్మాయి భుజాన ఇరవై అడుగుల వెదురు గడ. మలుపు దగ్గర సగం తిరిగింది, ఆగింది, మిగతా సగం తిరిగింది. ఊగే గడ కొస టక్కున నిలిచిపోయింది.

"చదువు లేని అడవిపిల్ల. ఏం చేస్తుందో తనకే తెలీదు," అన్నాడు వీరబాబు.

పిల్లలు నవ్వారు. ఒక వరుస నవ్వలేదు. ఆ వరుస చివర, ఆశ్రమ పాఠశాల పిల్లల్ని తీసుకొచ్చిన టీచరు లేచి నిలబడింది. తెర మీదున్న ముఖమే.

"గా చదువు లేని పిల్లను నేనే, సార్. సోని. ఎమ్మెస్సీ ఫిజిక్స్. మా నాయన పందిరికి గడ మోస్తుంటే తీసిన్రు. ఎవర్నడిగిన్రు?"

ఊపులు ఆపే నిపుణుడి చేతిలో రిమోట్ ఊగింది. అతను సారీ చెప్పేలోపే ఆమె పిల్లల్ని లేపుకుని వెళ్లిపోయింది.

వారం రోజులు వీరబాబుకు అద్దంలో ముఖం చూసుకోబుద్ధి కాలేదు. వీడియో చెరిపేశాడు. అటు ప్రాజెక్టూ మొరాయించింది. ఒక రెక్కకు కుదిరిన లెక్క ఇంకో రెక్కకు కుదరదే. సారీ చెప్పడానికి వెళ్లినప్పుడు ఆ మాట మాత్రం ఆమెకు చెప్పకూడదనుకున్నాడు, మళ్లీ పని కోసమే వచ్చాడంటుందని.

టేకులపల్లిలోని ఆమె బడిలో ఆ వరుస పిల్లల ముందే నిలబడ్డాడు. మీ టీచరు తెలిసే చేశారు, తెలియంది నాకు అన్నాడు. తల ఎత్తలేదు.

సోని ఒక గడ తెచ్చి అతని భుజాన పెట్టింది, తిరగమంది. వీరబాబు తన లెక్క ప్రకారమే తిరిగాడు. గడ కొస ఊగి ఊగి, దండెం మీది లంగాలన్నీ బురదలో పడేసింది. పిల్లలు పడీపడీ నవ్వారు.

"ప్రతి గడ ఊపు వేరే. ఎత్తంగనే ఒకసారి మెల్లగ ఊపి చూస్తం. ఒక ఊపుకెంత సేపో గదే చెప్తది. అండ్ల సగం సేపు ఆగాలె. మీరు వీడియోల గా ముక్కనే కోసిన్రు."

నిజమే. పనికిరాదని మొదటి రెండు సెకన్లు కోసింది తనే.

"గడనూ అడగరు, మనిషినీ అడగరు," అందామె.

అతను లంగాలన్నీ ఏరి, పంపు కింద జాడించి ఆరేశాడు. మళ్లీ గడ ఎత్తాడు. మెల్లగా ఊపాడు, చూశాడు. సగం తిరిగాడు, ఆగాడు, మిగతా సగం తిరిగాడు. కొస ఆమె వైపు నిలిచింది.

"ఇప్పుడు మిమ్మల్ని అడగొచ్చా? ఆదివారం రానా? పని మీద కాదు."

"గడ మళ్ల ఊగుతున్నది, సార్."

"అది గడ కాదండి. నేను."

సోని అతని వణుకు తగ్గేదాకా చూసింది.

"అవ్, రాండ్రి. ఫోన్ ఇంట్ల పెట్టి రాండ్రి."