ముందు వరస డేరా

“మాకు ముందు వరస వద్దు,” అంది ఇలారియా.

బీచ్‌లో సగం మందికి వినపడేలా అంది. వాళ్ళ నాన్న తార్చీజియో గారు బెర్గమోలో పేరున్న పళ్ళ డాక్టరు. ఎన్ని వేల నోళ్ళు తెరిపించారో గానీ, ఆ క్షణాన తన నోరే తెరుచుకుని నిలబడిపోయారు.

ఇదేం చోద్యమో తెలియాలంటే ముందు మా ఊరి పిచ్చి తెలియాలి. జనం ఇటలీ సముద్రపొడ్డున ఉన్న మా ఫోర్తే దే మార్మికి ఎందుకొస్తారని అడిగితే, ఇక్కడే పుట్టి ఇరవయ్యేడేళ్ళు పెరిగిన నాకే జవాబు తెలీదు. ఇంతకంటే నీలంగా ఉండే నీళ్ళు సార్డీనియా దీవిలో ఉన్నాయి. అయినా జూన్ వచ్చేసరికి అవే కుటుంబాలు దిగుతాయి. వెండితెర మీద మెరిసిన ముసలి తారలు కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తుప్పు పట్టిన సైకిళ్ళెక్కి తిరుగుతుంటారు. ఎవరూ గుర్తుపట్టకపోతే మొహం మాడ్చుకుంటారు, అది వేరే సంగతి.

మా తాత నడిపే బీచ్‌లో వేసవికి అద్దెకిచ్చే డేరాలు నాలుగు వరసలు. అందులో ముందు వరస దొరకడమంటే మాటలు కాదు. డబ్బిచ్చినా రాదు, మంత్రి గారి చేత చెప్పించినా రాదు. ఆ వరసలో ఎవరైనా మానుకుంటేనే, కాచుకున్నవాళ్ళలో మొదటి పేరుకి పిలుపు వెళ్తుంది. సాయంత్రం బీచ్ మూసేముందు జెండా దించేలోపు ఔనో కాదో చెప్పెయ్యాలి. కాదన్నారంటే ఆ పేరు మళ్ళీ చిట్టచివరికి పోతుంది.

డాక్టరు గారు పెళ్ళైన కొత్తలోనే లెక్క వేసుకున్నారట, తన పేరు రాయిస్తే ముసలితనంలో గానీ రాదని. అందుకని ఇలారియా పుట్టిన మూడో రోజునే బెర్గమో నుంచి పరిగెత్తుకొచ్చి, పాప పేరు రాయించి వెళ్ళారు. మునిసిపాలిటీలో రాయించింది ఆ తరవాతే. ఎవరి పేరుంటే వాళ్ళే జవాబు చెప్పాలన్నది మా తాత పట్టు. ఆ పాపకి ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళూ వాళ్ళది నాలుగో వరసే, నేను కాఫీలు కలిపే బల్లకి పది అడుగుల దూరంలో.

ఈ ఏడు డాక్టరు గారికి ఓపిక నశించింది. ముందు వరస రాకపోతే వచ్చే ఏటి నుంచి సార్డీనియాయే అని తేల్చి చెప్పేశారు. ఊరికే బెదిరింపనుకుని నవ్వాను గానీ, అక్కడి ఇళ్ళ ఫొటోలు ఆయన ఒళ్ళో చూశాక నాకు ముద్ద దిగలేదు. ఇలారియా లేకుండా జూన్ వస్తే నేనేం చేసుకోను? మూడు వేసవులుగా ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ ముక్క ఆమెకి తప్ప ఊరందరికీ తెలుసని మా అమ్మ అంటుంది.

సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఏడో నంబరు డేరా తాలూకు తురీను నగరపు దొరసాని గారు ఫోను చేశారు. తొంభై ఒకటి దాటాయి, ఇసకలో నడవలేకపోతున్నాను, ఇక బాల్కనీలోంచి చూసుకుంటాలే అన్నారు. పాపం, నేను అయ్యో అని కూడా అనలేదు. కాచుకున్నవాళ్ళలో ఇప్పుడు మొదటి పేరు ఇలారియాదే. భోజనాల వేళ బీచ్ ఖాళీ. చెప్పులైనా వేసుకోకుండా తాత సైకిలెక్కి, వాళ్ళు అద్దెకున్న ఇంటిదాకా ఊపిరాడకుండా తొక్కాను.

కబురు వినగానే డాక్టరు గారు నా రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నారు. ఇలారియా మొహం పాలిపోయింది. సంతోషం పట్టలేక అనుకున్నాను. నా తెలివి అంతటిది.

నాలుగింటికి తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ ఊరేగింపులా సైకిళ్ళ మీద వచ్చారు. తాత బల్ల ముందు నిలబడి, ఔనా కాదా తల్లీ అని లాంఛనంగా అడిగాడు. అప్పుడన్నది ఇలారియా, వద్దని.

డాక్టరు గారు బతిమాలారు. వాళ్ళమ్మ రెనాతా గారు ఎండ దెబ్బేమోనని నుదురు పట్టుకు చూసింది. అంతలో కొండల మీద ఉరిమింది. వాన ఒక్కసారిగా దిగబడింది. బీచ్ మొత్తం తువ్వాళ్ళు నెత్తిన కప్పుకుని మా కాఫీ పందిరి కిందికి దూరింది. పిడుగుల భయానికి తాత జెండా ముందే దించేద్దామని బయల్దేరాడు. ఆ జెండా దిగితే ఏడో నంబరు పోయినట్టే, నా బతుకూ పోయినట్టే.

నాకు దుఃఖమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. ఆ జనంలోంచి తోసుకుంటూ ఆమె దగ్గరికి వెళ్ళాను.

“మా ఊరంటే అంత మొహం మొత్తిందా? సార్డీనియా వెళ్ళాలనుంటే ముందే చెప్పొచ్చుగా. ఎండలో అంత దూరం తొక్కేవాణ్ణి కాదు.”

“సార్డీనియా అన్నది నాన్న ఊరికే బెదిరించడానికి. నిన్నెవరు తొక్కమన్నారు? నన్ను తీసుకెళ్ళి నీళ్ళ ఒడ్డున పడెయ్యడానికి అంత సంబరమా నీకు? పళ్ళన్నీ బయటపెట్టి మరీ వచ్చావు.”

“పడెయ్యడమేంటి? ముందు వరసంటే జనం చచ్చిపోతారు.”

“అక్కణ్ణించి ఏం కనిపిస్తుంది?”

“సముద్రం. ఇంకేం కావాలి?”

ఆమె కళ్ళు నిండిపోయాయి. “మూడేళ్ళుగా నేను కుర్చీ ఎటు తిప్పుకుని కూర్చుంటున్నానో ఒక్కసారైనా చూశావా లాపో?”

చూశాను. రోజూ చూశాను. సముద్రానికి వీపు పెట్టి, మా కాఫీ బల్లకేసి తిరిగి కూర్చుంటుంది. నీళ్ళ మీది ఎండ కళ్ళకి పడదేమో అనుకున్నాను. పొద్దున్న పూట సూర్యుడు మా వెనక కొండల మీంచి వస్తాడని, అటు తిరిగితేనే ఎండ నేరుగా మొహాన కొడుతుందని ఈ మట్టిబుర్రకి తట్టనే లేదు.

పందిరి కింద అందరూ మావైపే తిరిగారు. దాచుకోవడానికి చోటూ లేదు, టైమూ లేదు.

“నువ్వు రావేమోనని భయపడి తొక్కాను,” అన్నాను. “నువ్వు రాని జూన్ నాకొద్దు. నువ్వంటే నాకిష్టం ఇలారియా. చచ్చేంత ఇష్టం.”

“ఈ ముక్క చెప్పడానికి వానా, ఉరుములూ, ఇంతమంది సాక్ష్యమూ కావాల్సొచ్చాయా నీకు?” అని నా చొక్కా పట్టుకుని, ఏడుస్తూ నవ్వేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. మా అమ్మ ముక్కు చీదింది.

“అమ్మాయీ,” అన్నారు డాక్టరు గారు నీరసంగా, “మరి నా డేరా?”

ఇలారియా ఒక్క ఉదుటున వానలోకి పరిగెత్తింది. వెనకే నేనూ పరిగెత్తాను. తాత అప్పటికే జెండా తాడు విప్పుతున్నాడు. ఔను తాతా, ఔను, తీసుకుంటున్నామని ఆమె అరుస్తుంటే, చెవుడున్న తాతకి మూడోసారికి గానీ వినపడలేదు. వినపడ్డాక తాడు వదిలేసి, తడిసి ముద్దయిన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, “ఇప్పటికా,” అన్నాడు.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. ఏడో నంబరు డేరాలో మూడు కుర్చీలు వేశాను. రెండింట్లో డాక్టరు గారూ రెనాతా గారూ కూర్చున్నారు. మూడోది ఖాళీ. ఇలారియా నా పక్కన, బల్లకి ఇవతల కప్పులు తుడుస్తోంది. తుడుస్తున్న చెయ్యి నా చేతిలోనే ఉంది కాబట్టి పని సాగడం లేదు.

రెనాతా గారు ఊరుకోలేక మాటిమాటికీ వెనక్కి తిరిగి మావైపు చూస్తోంది. ఏమండీ, ఒకసారటు చూడండి అని భర్త మోచెయ్యి పొడిచింది.

“ఇరవై నాలుగేళ్ళు కాచుకున్నానే,” అన్నారాయన, పందిరి దాకా వినపడేలా. “ముందు వరసలో కూర్చున్నవాడికి వెనకేం జరుగుతోందో కనపడదు. నన్ను సముద్రం చూసుకోనీ.”

అన్నట్టే, మధ్యాహ్నం భోజనాలకి లేచేదాకా ఆ మహానుభావుడు ఒక్కసారైనా తల తిప్పలేదు.