క్వయర్ ఫొటో ఇంకా కాలేదు

“ఇవాళ ఫొటో తీసుకోకుండ పోయేది లేదు!” తడిసిన గొడుగు మూల పెట్టకముందే అక్సా యుద్ధం మొదలుపెట్టింది.

చర్చిలో పాటలు పాడే క్వయర్‌కు యాభై ఏళ్లు నిండాయి. ఆ గ్రూప్ ఫొటో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీదే తీయాలి, చేత్తోనే ప్రింట్ చేయాలి అని క్వయర్ నడిపే అబ్రహాం, అంటే అక్సా నాన్న, పట్టుబట్టాడు. కార్ఖానా బస్తీలో తన మేడ మీది స్నానాల గదిని ఫొటోలు కడిగే డార్క్‌రూమ్ చేసుకున్న ఆషర్ ఆ పని నెత్తికెత్తుకున్నాడు. మూడు వారాలైంది. అక్సా ఎప్పుడొచ్చినా అతనిది ఒకటే పాట: “కాంట్రాస్ట్ కుదరలే. రేపు రా.”

కోపం నటిస్తోంది గానీ, ఆ ‘రేపు రా’ అంటే ఆమెకు ప్రాణం. ఫొటో అయిపోతే ఈ మెట్లెక్కడానికి సాకు ఉండదు. అతనేమో నోరు తెరిస్తే ఫిల్టర్లు తప్ప మాట్లాడడు. ఆదివారమే వేడుక. ఇక ఇవాళే ఆఖరు.

“మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో గదా,” ఎర్ర లైటు కింద ఆషర్ వివరిస్తున్నాడు. “ముందు వరుసల మీ తెల్ల చీరలు ఎండకు మెరుస్తున్నయ్. వెనక మగోళ్లంత నీడల ఉన్నరు. ప్రింటు లైటుకు పింక్ ఫిల్టర్ పెడితే కాంట్రాస్ట్ ఎక్కువై చీరలు సున్నం, మీ నాన్న బొగ్గు. పసుపుది పెడితే అంతా మజ్జిగ నీళ్లు. నడుమది దొరకాలె. అందుకే ముందు ఒక్క మొహం పడే చోట చిన్న పేపర్ ముక్క పెట్టి టెస్ట్ చేస్త.”

“ఏవీ ఆ ముక్కలు? చూపియ్.”

“వద్దు! అవి… జెర తడిగున్నయ్.”

వద్దంటే ఆగే పిల్లా! ఒక్క అంగలో బయటి గదిలో ఉంది. తాడుకి క్లిప్పులతో ఇరవై ముక్కలు వేలాడుతున్నాయి. మొదటి దాంట్లో అక్సా. రెండో దాంట్లో అక్సా, కాస్త నల్లగా. మూడో దాంట్లో అక్సా, పౌడర్ ఎక్కువైనట్టు. ఇరవయ్యింటిలోనూ తనే! గుండె దడదడలాడింది. కిటికీ బయట వాన కూడా జోరందుకుంది.

“క్వయర్ల ఇరవై నాలుగు మందిమున్నం ఆషర్. ముక్క పెట్టనీకి నా మొహమే దొరికిందా?”

“అంటే… నల్ల జుట్టు, తెల్ల చీర… కాంట్రాస్ట్ మంచిగ తెలుస్తదని…”

“నా పక్కన ఎమిలీ ఆంటీకి లేదా నల్ల జుట్టు?”

“ఆమెది డై!”

అక్సాకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వేసరికి అతనికి ధైర్యం వచ్చింది.

“నీ మొహం మూడో రోజే కుదిరింది అక్సా. మిగిలినయన్నీ నువ్వు మళ్ల రావాలని చేసిన. ఫొటో ఇచ్చేస్తే నువ్వు రావు గదా అని పరేషాన్ అయిన. నువ్వంటే నాకు చాలా ఇష్టం.”

మూడు వారాలుగా ఈ మాట కోసమే కదా ఆమె ఇన్ని మెట్లెక్కింది! తాడు మీంచి ఒక ముక్క తీసి మురిపెంగా చూసుకుంది.

“నా మొహం కుదిరింది సరే. మరి నాన్నది?”

ఆషర్ తల గోక్కున్నాడు. “…బొగ్గే.”

అక్సా అతని మోచెయ్యి పట్టుకుని డార్క్‌రూమ్ వైపు లాగింది.

“అయితే నడువ్! ఈసారి ముక్క మా నాన్న మొహం మీద పెట్టు. మస్తుగ రావాలె ఆయన. ఆదివారం ఆ ఫొటో ఆయన చేతిల పెట్టినంకనే గదా, మన సంగతి చెప్పేది!”