పంతొమ్మిదో సీసాలో దూది

నర్సు మెట్లెక్కి వచ్చేసరికి డ్రైవరు ఫోన్లో సీరియల్ చూస్తూ హీరోయిన్ని తిడుతున్నాడు. ఆసుపత్రి మంచం మీద చావుబతుకుల్లో ఉన్న మనిషికి పెదాల రంగు చెక్కుచెదరకపోవడమేమిటని ఆయన బాధ.

"డిటెక్టివు టీచరుగారు ఉన్నారా?" అంది ఆమె గుమ్మంలోంచే. ముప్పయ్యేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. గోళ్లకు మాత్రం మెరిసే ఊదా రంగు.

ఆ రంగును డ్రైవరు ఇట్టే గుర్తుపట్టాడు. సీరియల్ హీరోయిన్ వేసుకునేదే. "రామ్మా, కూర్చో," అని ఫోను జేబులో కుక్కి లోపలికి కేకేశాడు.

టీచరమ్మ ముప్పయ్యేళ్లు బళ్లో కెమిస్ట్రీ చెప్పిన మనిషి. కాపీ కొట్టే పిల్లల్ని పట్టిన కళ్లకు పెద్దవాళ్ల అబద్ధాలొక లెక్కా అని, రిటైరైన మర్నాడే ఈ లాండ్రీ పైగదిలో డిటెక్టివు బోర్డు పెట్టింది. డ్రైవరు ఒకప్పుడు టాక్సీ నడిపేవాడు. ఆయన పోగొట్టుకున్న గొడుగు ఎవరి దగ్గరుందో, ఓరోజు ఆ టాక్సీ ఎక్కిన టీచరమ్మ దిగేలోపే చెప్పేసింది. అప్పట్నుంచి ఆవిణ్ణి ఆయన దింపనేలేదు.

"ముందు ముక్కు తుడుచుకో," అంది టీచరమ్మ. "తర్వాత మొదట్నుంచి చెప్పు. ఏడుస్తూ చెబితే తేదీలు తప్పుతాయి."

"సోమవారం కమిటీ కూర్చుంటుంది మేడమ్. నన్ను తీసేస్తారు. తీసేస్తే తీసేశారు, సీసాలు తారుమారు చేసిందని కాగితం మీద రాస్తారు. ఇంక ఏ ఆసుపత్రీ నన్ను గడప తొక్కనివ్వదు."

వేళ్లలో పట్టు మెల్లగా పోయే నరాల జబ్బొకటి ఉంది. మొదట గుండీలు పెట్టుకోవడం రాదు, తర్వాత పెన్ను జారిపోతుంది, ఆ తర్వాత చెంచా. దానికి కొత్త మందు కనిపెట్టారు. నలభైమంది మీద పరీక్ష నడుస్తోంది. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి పిండి మాత్ర. ఎవరిదేదో మింగేవాళ్లకు తెలీదు, ఇచ్చే నర్సుకు తెలీదు, చూసే డాక్టరుకూ తెలీదు. ఆ జాబితా వేరే ఊళ్లో లెక్కలు కట్టే ఆఫీసులో తాళం వేసి ఉంటుంది.

"అదేం దాగుడుమూతలండీ?" అన్నాడు డ్రైవరు.

"మందు వేసుకున్నామన్న ధైర్యానికే కొంతమందికి బాగైనట్టుంటుందయ్యా. ఆ ధైర్యాన్ని పక్కకు తీసి, మందు సత్తా ఎంతో చూడాలంటే ఇదొక్కటే దారి. ఊఁ, చెప్పమ్మాయ్."

మొదలుపెట్టి నాలుగు నెలలు దాటింది. పోయిన వారం ఆ ఆఫీసు నుంచి ఉత్తరమొచ్చింది. అసలు మందు అందాల్సిన ఏడో నంబరు మనిషి రక్తంలో మందు చుక్క లేదు. పిండి మాత్రలు అందాల్సిన పంతొమ్మిదో నంబరు రక్తంలో మాత్రం ఉంది. సీసాలు చేతికిచ్చేది నర్సు. పంతొమ్మిదో నంబరు పదహారేళ్ల పిల్ల. నర్సుకు ఆ పిల్లంటే ప్రాణమని అందరికీ తెలుసు. ఇంకేం కావాలి?

పెద్దవాళ్లు నడిపే పనిలో తప్పు దొర్లితే వేలు ఎప్పుడూ కిందికే చూపిస్తుంది. పైవాళ్లకు చదువుంటుంది, కిందివాళ్లకు అవకాశం ఉంటుంది. అనుమానానికి ఆ ఒక్క ముక్క చాలు.

"సీసాకు సీలుండదా?" అడిగింది టీచరమ్మ.

"ఉంటుంది మేడమ్. నేనే తెంపుతాను. వాళ్ల వేళ్లకు కొత్త మూత రాదు కదా. నలభైమందికీ మూత వదులు చేసే ఇస్తాను. లోపలి దూది మాత్రం ముట్టుకోను."

"తెంపమని ఎవరు చెప్పారు?"

నర్సు తల వంచుకుంది. "ఎవరూ చెప్పలేదు. చూడలేకపోయాను."

టీచరమ్మ ఆమెను ఒక్క క్షణం చూసి చెప్పులేసుకుంది. "డ్రైవరూ, బండి తియ్యి."

*

డాక్టరు చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "నాకు మాత్రం సరదానా అండీ? కానీ రుజువుంది," అని పక్కనున్న కెమిస్టు వైపు చూశాడు. మాత్రలు తయారుచేసింది ఆ కెమిస్టే.

కెమిస్టు బల్ల మీద రెండు మాత్రలు పెట్టాడు. రెండూ తెలుపే, ఒకే బరువు, ఒకే చేదు. తర్వాత అరచేతంత పెట్టె ఒకటి తీసి మీట నొక్కాడు. గోళ్లరంగు ఆరబెట్టే ఊదా లైటు. దాని కింద ఒక మాత్ర మామూలుగానే ఉంది. రెండోది నీలంగా వెలిగింది.

"వెలిగేదే అసలు మందు," అన్నాడు. "ఈ లైటు నర్సుదే. వెయిటింగు హాల్లో పెట్టుకుంటుంది."

"రంగు చూశారు, రుచి చూశారు, తూకం చూశారు," అంది టీచరమ్మ. "ఇంటింటా ఆడపిల్లల దగ్గరుండే లైటు కింద పెట్టి చూడాలని ఒక్కరికీ తట్టలేదన్నమాట."

కెమిస్టు చెవులు ఎర్రబడ్డాయి. "ఉత్తరం వచ్చాకే తట్టిందండీ."

"లైటు తనదైతే చూసింది తనే అంటారు. హాల్లో పెట్టిన గడియారంలో టైము దాన్ని కొన్నవాడే చూస్తాడా? సరే, వాడేసిన సీసాలు పారేశారా?"

"లేదు. సీసా, మూత, దూది, మిగిలిన మాత్రలు అన్నీ ప్రతి నెలా వెనక్కి తేవాలి. అది రూలు."

స్టోరు గదిలో అరల నిండా గోధుమరంగు సీసాలు. టీచరమ్మ పంతొమ్మిదో నంబరువి నాలుగు తీసి, పట్టకారుతో దూది లాగి వరసగా పేర్చింది. తర్వాత ఏడో నంబరువి. తర్వాత ఊరికే చేతికందిన మరో పది.

"ఏం కనిపిస్తోంది డ్రైవరూ?"

"దూదండీ."

"ఎన్ని రకాలు?"

డ్రైవరు వంగి చూశాడు. మామూలు సీసాల్లో దూది మిషను పెట్టినట్టే రెండు మడతలుగా పడుకుని ఉంది. ఏడుకీ పంతొమ్మిదికీ మొదటి నెల అలాగే ఉంది. రెండో నెల నుంచి మాత్రం చుట్ట. వేళ్ల మీద చుట్టి, చివర లోపలికి దోపిన చుట్ట.

"మూడు చుట్టలూ ఒకటేనా?"

"కాదండీ. రెండో నెలది భలే బిగుతుగా ఉంది. మూడో నెలది కాస్త వదులు. నాలుగో నెలది, ఇదుగో, ముట్టుకుంటేనే విడిపోతోంది. వాడికి రానురాను బద్ధకం పెరిగింది కాబోలు."

టీచరమ్మ కళ్లజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది. సినిమాల్లో డాక్టరు కళ్లజోడు తీశాడంటే పేషెంటు పోయినట్టే. టీచరుగారు తీసిందంటే కేసు తేలినట్టు. అది డ్రైవరుకు తెలుసు. కానీ ఈసారి ఆవిడ మొహంలో గెలుపు కనిపించలేదు.

వెయిటింగు హాల్లో ఆ రోజు రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. చివరి బెంచీ మీద ఏడో నంబరూ, పంతొమ్మిదో నంబరూ. ఆయన అరవై దాటిన మనిషి, గుండీల్లేని చొక్కా తలమీంచి తొడుక్కున్నాడు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పిల్ల గోళ్లకూ ఊదా రంగే. గోడ మీది టీవీలో సీరియల్.

"తాతయ్యా, ఈ పాటకి స్టెప్పు నేర్చుకున్నా. చేతులు ఇలా తిప్పాలి, చూడు."

"చూశాలే. మా రోజుల్లో పాటొస్తే హాలంతా ఈలలు. మీరేమో అరచేతిలో చూస్తారు, ఈలెవరు వెయ్యాలి?"

డ్రైవరు మధ్యలో దూరిపోయాడు. "మీరు థియేటర్లో పనిచేశారాండీ?"

"ప్రొజెక్టరు ఆపరేటర్ని బాబూ. ముప్పై రెండేళ్లు. మీరంతా తెర చూశారు, నేను వెలుగు చూశాను."

"జబ్బు ఎలా ఉందన్నయ్యా?" అంది టీచరమ్మ మెల్లగా.

"దాని మానాన అదుంది. నాదేముంది, ఈ పిల్లను చూడండి, నాలుగు నెలల క్రితం పెన్ను పట్టలేకపోయింది."

అప్పుడే లోపలి నుంచి పిలుపు వచ్చింది. పిల్ల లేచి, "తాతయ్యా, సంచి చూస్తుండు," అని బెంచీ మీద వదిలేసి వెళ్లింది. టీచరమ్మ ఆ సంచినే చూస్తూ నిలబడిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే అందరినీ అదే హాల్లోకి పిలిపించింది. డ్రైవరు రాత్రంతా ఆలోచించి కెమిస్టే దొంగని తేల్చుకుని వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి కదా.

టీచరమ్మ తలా కాస్త దూది పంచింది. "సీసాలో పెట్టడానికి ఎలా సర్దుతారో సర్దండి."

నర్సు గాయానికి వేసినట్టు చదరంగా మడిచింది. కెమిస్టు చిక్కుముడిలా నలిపాడు. డాక్టరు ముద్ద చేశాడు. డ్రైవరుది బంతి. ఏడో నంబరు మాత్రం దూదిని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"నా చేత చుట్టించకండి టీచరుగారూ," అన్నాడు. "ఇప్పుడు నాకది రాదు."

డ్రైవరు కెమిస్టు మీంచి చూపు తిప్పుకున్నాడు.

"సీసాలు మార్చిన మనిషి దూదిని సినిమా రీలు చుట్టినట్టు చుట్టాడు," అంది టీచరమ్మ. "అక్కడితోనే ఆ పని ఎవరిదో నాకు తెలీలేదు. తెలిసింది చుట్ట వదులవుతుంటే. నెలనెలా వేళ్లలో పట్టు పోతున్న మనిషది. ఈ హాల్లో పనిచేసేవాళ్లెవరికీ ఆ జబ్బు లేదు. పేషెంట్లలో అయినా, మందు అందుతున్న ఇరవైమందికి పట్టు ఇలా పోకూడదు. మిగిలింది మందు అందనివాళ్లు. ఉత్తరం వచ్చాక అందరం ఒకటే అడిగాం, ఏడో నంబరు మందు ఎవరు కాజేశారని. ఆ ఏడో నంబరు ఒక్కసారైనా ఫిర్యాదు చేశాడా? నాకెందుకు తగ్గట్లేదని అడిగాడా? పోగొట్టుకున్నవాడు అడగలేదంటే, ఇచ్చినవాడే అయ్యుండాలి."

"రెండో నెల సీసాలు తీసుకున్న రోజు," అన్నాడాయన నేల చూస్తూ, "మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకుంటున్నాం ఇద్దరం. ఈ పిల్ల పక్కనే లైటులో వేళ్లు పెట్టి గోళ్లు ఆరబెట్టుకుంటోంది. నా మాత్ర ఒకటి దొర్లి దాని కిందికి పోయింది. నీలంగా వెలిగింది. తను టీవీలో మునిగి ఉంటే తనది పెట్టి చూశా, వెలగలేదు. ఈ పిల్ల సంచి చూస్తుండమని లోపలికి వెళ్లింది. కొత్త సీసాల్లో మాత్రలు అటువి ఇటు పోశా. అప్పట్నుంచి ప్రతి నెలా."

"వెలిగేదే మందని మీకెలా తెలుసు?" అన్నాడు డాక్టరు.

"ఆ మొదటి నెల మాత్రలకే నాకు చొక్కా గుండీలు పెట్టుకోవడం మళ్లీ వచ్చింది డాక్టరుగారూ. ఏడాది తర్వాత."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. నర్సు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

టీచరమ్మ గొంతు గట్టిపడింది. "మంచి పని చేశావని అననన్నయ్యా. అది పిల్ల ఒంటికి పడకపోయుంటే? డాక్టరు దేనికని వైద్యం చేసేవాడు? ఒక్క పిల్లకు బాగైతే మందు పనిచేసినట్టు కాదు. నలభైమంది లెక్క సరిగ్గా తేలితే రేపు వేలమందికి అందుతుంది. దానికే చెయ్యి అడ్డం పెట్టావు. పైగా ఈ అమ్మాయి ఉద్యోగం పోయేది."

"అది నాకు తెలీదమ్మా. నిన్ననే తెలిసింది. ఇవాళ మీరు పిలవకపోయినా చెప్పేవాణ్ణి." ఆయన నర్సు వైపు తిరిగి రెండు చేతులూ జోడించబోయాడు. వేళ్లు సరిగ్గా కలవలేదు.

"వద్దు బాబాయ్," అని ఆమె ఆ చేతులు పట్టేసుకుంది.

అప్పటిదాకా కదలని పిల్ల లేచింది. మొహం కందగడ్డలా ఉంది. "నన్నడిగావా తాతయ్యా? నాలుగు నెలలు నీ పక్కన కూర్చుని చేతులు తిప్పి చూపించా. చూసి నవ్వావు. నన్ను దొంగను చేశావు నువ్వు!"

"నాకు తెర అయిపోయిందే. నీకింకా టైటిల్సు పడుతున్నాయి."

"సినిమా డైలాగులు కొట్టకు!"

డాక్టరు లేచి నర్సు ముందుకొచ్చాడు. నలుగురి ముందూ క్షమించమన్నాడు. కమిటీకి వెళ్లే కాగితం అక్కడే చింపి, కొత్తది మొదలుపెట్టాడు. ఏడు, పంతొమ్మిది లెక్కలోంచి తీసెయ్యాలి, మిగతా ముప్పై ఎనిమిదిమందితో పరీక్ష నడుస్తుంది. పరీక్ష బయట ఈ ఇద్దరికీ అసలు మందు ఇప్పించమని కమిటీని అడుగుతానన్నాడు. "మాటివ్వలేను. కొట్లాడతాను," అన్నాడు.

"కొట్లాటకు నేనూ వస్తా," అంది టీచరమ్మ. "కమిటీల ముందు గట్టిగా మాట్లాడి చాలా రోజులైంది."

పిల్ల ఇంకా కోపంగానే ఉంది. ఆయన ఒళ్లోని దూది లాక్కుంది. రెండు వేళ్ల మీద పెట్టి చుట్టడం మొదలుపెట్టింది. మొదటిసారి వంకరగా వచ్చింది. విప్పేసింది.

"బిగించి లాగు," అన్నాడాయన, ఉండబట్టలేక. "వదులుగా చుడితే రీలు మిషన్లో తెగుతుంది. చివర లోపలికి."

ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ చుట్టింది. బిగువుగా, నున్నగా వచ్చింది, రెండో నెల సీసాలోని దానిలా. దాన్ని ఆయన అరచేతిలో పెట్టి, ముడుచుకోని ఆయన వేళ్లను ఒక్కొక్కటీ తన వేళ్లతో ముడిచింది.

"పట్టుకో," అంది. "నేను వదలను."