వంకర స్టీరింగూ, అద్దాలబ్బాయి వంకా

"ఏమండీ, నా బండికి అలైన్‌మెంట్ చేసింది మీరేనా?"

"అవును, నేనే," అంది మా మనవరాలు చిట్టి తలెత్తకుండానే. చేతిలో స్పానరు, చెంప మీద గ్రీజు చార.

"బండి తిన్నగానే పోతోంది. స్టీరింగేమో ఇలా పక్కకి తిరిగి ఉంటోంది," అంటూ ఆ అబ్బాయి గాల్లో స్టీరింగ్ పట్టుకుని చూపించాడు.

"అయితే మీరే మెడ కాస్త వంచి చూడండి. అదీ తిన్నగా కనిపిస్తుంది."

షెడ్డంతా నవ్వింది. ఆ అబ్బాయి కూడా నవ్వాడు. అక్కడే వచ్చింది చిక్కు. కోపం తెచ్చుకుని వెళ్ళిపోయుంటే ఏ గొడవా లేకపోను.

కొత్తగా కట్టే ఇళ్ళకి కిటికీ అద్దాలు చేరవేయడం అతని పని. వెనక తొట్టి ఉన్న చిన్న పికప్ బండి, సొంతదే. మేమంతా అద్దాలబ్బాయి అనేవాళ్ళం. షెడ్డు మా అబ్బాయిది, అంటే చిట్టి నాన్నది. బండి చక్రాలు తిన్నగా సరిచేసే అలైన్‌మెంట్ మెషిన్ చిట్టి చేతికొచ్చి అప్పటికి నాలుగు నెలలు. "ఆడపిల్ల చేతిలో పెట్టావేమిటయ్యా?" అని అడగని డ్రైవర్ లేడు. అందరికీ మావాడిది ఒకటే జవాబు: "తప్పు చేసినరోజున తీసేస్తాలే." వాళ్ళ నోరు మూయించడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో, కన్నతల్లిని నాకే తెలియలేదు. పిల్ల మాత్రం నిజమనే అనుకుంది.

చిట్టి బండిని మళ్ళీ మెషినెక్కించింది. తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చ, అంటే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రోడ్డు మీద నడిపి చూసింది. స్టీరింగ్ గీత గీసినట్టుంది.

"ఏదీ వంకర?"

అబ్బాయి తనూ నడిపి చూసి బుర్ర గోక్కున్నాడు. "ఇప్పుడు లేదండీ."

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. "వంకర వచ్చిందండీ." నడిపి చూస్తే లేదు. ఇంకో వారానికి మళ్ళీ అదే పాట.

ఆ మూడోసారి మావాడు టీ గ్లాసు పట్టుకుని, నాతో చెబుతున్నట్టే అందరికీ వినబడేలా అన్నాడు. "అమ్మా, వాడి స్టీరింగుకి వంకరా లేదు, ఏమీ లేదు. ఇక్కడికి రావడానికి వాడికో వంక కావాలి."

షెడ్డు మళ్ళీ నవ్వింది. చిట్టి నవ్వలేదు. ఇంటికొచ్చి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏమే, ఏమైంది?"

"నాయనమ్మా, నాన్న అన్నది నిజమైతే నా పని మంచిది, ఆ అద్దాలబ్బాయి అబద్ధాలకోరు. నిజం కాకపోతే ఆయన మంచివాడు, నా పని తప్పు. నేను ఏది కోరుకోను?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ముందు రెండు ముద్దలు తినవే," అన్నాను.

అంతలో వానలు మొదలయ్యాయి. రోడ్డు మీద ఏ బ్రేకు కీచుమన్నా చిట్టి గుమ్మంలోకి పరుగు. "అద్దాల బండి నాయనమ్మా. తడి రోడ్డు. ఆ స్టీరింగ్ బిగించింది నేను."

నాలుగోసారి అబ్బాయి తడుస్తూ వచ్చాడు. ఆరోజు షెడ్డు నిండా డ్రైవర్లే. "మళ్ళీ వంకరండీ," అన్నాడు, ఎన్నడూ లేంది నేలచూపులు చూస్తూ.

చిట్టి స్పానరు కింద పడేసింది. "మీది వంకర కాదు, వంక! నా పనికి వంక పెట్టి, ఆ వంకతో నన్ను చూడ్డానికొస్తున్నారు. ఇది నా బతుకుతెరువండీ. మీకు ఆటగా ఉందా?"

అబ్బాయి మొహం పాలిపోయింది. "ఇక రాను లెండి," అని బండెక్కాడు.

పదకొండు రోజులు రాలేదు. చిట్టి ఆ బండి మెషిన్ కాగితాలన్నీ మంచం మీద పరుచుకుని, పరీక్ష తప్పిన పిల్లలా వాటికేసే చూస్తూ కూర్చునేది. పన్నెండోరోజు పొద్దున షెడ్డులో బోర్డు తుడుస్తూ చటుక్కున ఆగిపోయింది. తను రాసిన బోర్డే. "బండి ఖాళీ చేసి తీసుకురావలెను."

"నాయనమ్మా! ఆయన నా దగ్గరికి ఎప్పుడూ ఖాళీ బండే తెచ్చాడు!"

"తేడూ మరి? రాసింది నువ్వేగా."

"అద్దాలన్నీ ఒక పక్కనే నిలబెడతాడు. ఆ బరువుకి ఆ పక్క కమాను పట్టీలు, అదే బండిని మోసే స్ప్రింగులు, దిగుతాయి. వెనక ఇరుసు వెంట్రుకవాసి తిరుగుతుంది. అప్పుడు బండి తిన్నగా పోవాలంటే స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సిందే. బరువు దింపేస్తే అంతా మామూలే!"

నాకు సగమే అర్థమైంది. కంగారు పడ్డానికి ఆ సగం చాలు. అబ్బాయి చెప్పింది నిజం. అంత బరువుతో, వానలో, ఆ స్టీరింగుతోనే తిరుగుతున్నాడన్నమాట.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"అద్దాల గోడౌన్‌కి పోదాం నాయనమ్మా. నీకు మొహం చూసుకునే అద్దం కావాలని చెప్పు."

"ఈ వయసులో నా మొహానికి అద్దమా?"

"నాయనమ్మా!"

సరేనని చెప్పులేసుకున్నాను.

దేవుడి దయ, మనిషి నిక్షేపంగా ఉన్నాడు. అద్దాలెక్కించిన బండి బయల్దేరబోతోంది. మమ్మల్ని చూసి కొయ్యబారిపోయాడు. "మామ్మగారూ, మీరా?"

"ఒక అద్దం కావాలి నాయనా..."

నా మాట పూర్తవనిస్తేనా! "జరగండి. నేను నడుపుతా," అంది చిట్టి.

ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కున్నాం. నన్ను తలుపు పక్కకి నెట్టారు. బండి కదిలింది. రోడ్డు తిన్నగా ఉంది, చిట్టి చేతుల్లో స్టీరింగ్ వంకరగా ఉంది. కొంత దూరం పోయి, పక్కకి తీసి ఆపేసింది.

"మీరు నిజమే చెప్పారు. నేనే నమ్మలేదు. నలుగురిలో మాటన్నాను. ఏమీ అనుకోకండి."

అబ్బాయి వైపర్‌నే చూస్తూ కూర్చున్నాడు. "మూడుసార్లు నిజమేనండీ."

"మరి నాలుగోసారి?"

"అప్పటికి నాకూ తెలిసిపోయింది, బరువు వల్లేనని."

"తెలిసీ వచ్చారా?"

"ఇంకేం చెప్పి రావాలో తోచలేదు. మీరన్నది నిజం కాబట్టే మళ్ళీ మొహం చెల్లలేదు. ఫోన్ ఎత్తడానిక్కూడా."

నేను కిటికీలోంచి వాన చూస్తున్నాను, చెవులు మాత్రం లోపలే.

"ఇన్నాళ్ళూ నాకు తిండి సయించలేదు, తెలుసా?" అంది చిట్టి.

"నాకూ అంతేనండీ. మీరంటే ఇష్టమని చెప్పాల్సింది పోయి, మీ పని తప్పని చెప్పాను."

చిట్టి బండి మళ్ళీ స్టార్ట్ చేసింది. తర్వాత, "రేపట్నుంచి అద్దాలు రెండు పక్కలా సమానంగా నిలబెట్టండి," అంది.

"అప్పుడు వంకర ఉండదుగా. నేనేం చెప్పి రాను?"

"రావాలనుందని చెప్పి రండి."

షెడ్డుకి తిరిగొచ్చేసరికి మావాడు గుమ్మంలోనే ఉన్నాడు. సంగతంతా విని ఒకటే అడిగాడు. "ఇంతకీ తప్పెవరిది?"

డ్రైవర్లంతా చెవులు రిక్కించారు. చిట్టి మెషిన్ గది తాళంచెవి తీసి, అరచేతిలో పెట్టి నాన్న ముందు చాపింది. "మూడుసార్లు నాది నాన్నా. బరువుతో నడిపి చూడాలని నాకు తోచలేదు. నాలుగోసారి ఆయనది."

నా ప్రాణం నా దగ్గర లేదు. మావాడు ఆ చేతికేసి చూసి, పిల్ల వేళ్ళని తాళంచెవి మీదకే మూసేశాడు.

"ఇకనుంచి ఏ బండొచ్చినా ముందు డ్రైవర్ పక్కన కూర్చుని, బరువుతో ఒకసారి తిరిగిరా. తర్వాతే ఖాళీ చేయించి మెషినెక్కించు."

"ఆ అద్దాల బండిలో కూడానా నాన్నా?" అంది. అంత ధైర్యం ఎక్కణ్ణుంచొచ్చిందో పిల్లకి!

మావాడు నవ్వాపుకోడానికి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "వాళ్ళ పెద్దవాళ్ళతో నేను మాట్లాడొచ్చేదాకా మధ్యలో మీ నాయనమ్మ కూర్చుంటుంది."

అని, గ్రీజు చేతులు కడుక్కుని, ఆ మధ్యాహ్నమే మంచి చొక్కా వేసుకుని బయల్దేరాడు.