గిర్ని ముందు డబ్బాల వరుస

ఆలేరులో పొద్దున ఆరున్నరకల్లా సాల్మన్ పిండిగిర్ని తెరుచుకుంటుంది. సాల్మన్ ఫికర్లు అంతకుముందే తెరుచుకుంటాయి. కరెంటు ఉంటుందో పోతుందో, బెల్టు తెగుతుందేమో, బస్టాండు దగ్గర పెట్టిన కొత్త గిర్నికి గిరాకీ అంతా వెళ్లిపోతుందేమో! ముందు గదిలో గిర్ని, వెనక రెండు గదుల్లో కాపురం. పిండి దుమ్ముతో పాటు ఆయన దిగులు కూడా ఇల్లంతా పరుచుకునేది.

భార్య స్వర్ణకు రెండు కళ్లకూ శుక్లాలు. కుడికంటిది బాగా ముదిరింది. ఆపరేషన్ అయ్యాక ఎనిమిది రోజులు పిండి దుమ్ము తగలకూడదంది డాక్టరమ్మ. అంటే గిర్ని మూయాలి. ఈ వారం పెళ్లిళ్లున్నాయని ఒకసారి, కొత్త గిర్ని పెట్టారని ఇంకోసారి సాల్మన్ వాయిదా వేశాడు.

ఆ పొద్దున బెల్టు కొనుక్కొని వచ్చేసరికి గడపలో బిక్షమ్మ నిలబడి ఉంది. చేతిలో సగం తుంచిన జొన్నరొట్టె.

"సాల్మనూ, నిన్న పట్టిన పిండే ఇది. జర తిని చూడు. మా ముసలాయన నోరు మండి చెంబెడు నీళ్లు తాగిండు."

కారం పట్టాక మిషన్‌లో మిగిలిన కారం పోయేలా పిడికెడు నూకలు పోసి, అవి తెల్లగా వచ్చేదాకా మిషన్ తిప్పాలి. నిన్న ఆ పని చేసింది స్వర్ణ. సాల్మన్ ఇంతెత్తున లేచాడు.

"ఇరవై ఏండ్లాయె గిర్నిల పని చెయ్యవట్టి! నూకలు ఎర్రగున్నయో తెల్లగున్నయో చూస్కోవా? గిట్లయితే ఉన్న నలుగురు గూడ గా కొత్త గిర్నికే పోతరు!"

స్వర్ణ తల దించుకుంది. వెనక గదిలోంచి కూతురు శైలజ విసురుగా వచ్చింది.

"అమ్మకు కనబడితే గదా నాయినా, చూసేది! పొయ్యి మంట గూడ చెయ్యి పెట్టి చూస్తాంది. గిరాకీ పోతదని ఏడుస్తున్నవు గని, అమ్మ చూపు పోతాంటే అడుగుతలేవు!"

"గింత కనబడుతలేదని నాకు చెప్పలే గదా..."

"చెప్తే నీకింకో ఫికరైతదని చెప్పలే," అంది స్వర్ణ నెమ్మదిగా.

బిక్షమ్మ రొట్టెను కొంగులో దాచేసింది.

"పిండి పోతే పోనీ తియ్. ముందుగాల కండ్లు బాగు చేపిచ్చుకో బిడ్డా."

మర్నాడే తలుపు మీద చాక్‌పీసుతో రాశాడు: 'గిర్ని బంద్. వచ్చే సోమవారం తెరుస్తాం.' భువనగిరిలో కుడికంటికి ఆపరేషన్ అయింది. దుమ్ము తగలకుండా స్వర్ణ చెల్లెలి ఇంట్లోనే ఉండిపోయారు. మొదటి మూడు రోజులూ సాల్మన్ పక్కింటివాళ్లకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నాలుగో రోజు శైలజ ఫోన్ లాక్కుంది. ఆరో రోజు, ఎన్నేళ్ల తర్వాతో, మధ్యాహ్నం పూట గురక పెట్టి నిద్రపోయాడు.

సోమవారం పొద్దున వాళ్ల ఆటో వీధి మలుపు తిరిగింది. గిర్ని మెట్టు నుంచి కరెంటు స్తంభం దాకా డబ్బాలు వరుసగా ఉన్నాయి. ముందు వచ్చినవాళ్లు తమ డబ్బా పెట్టి జాగా పట్టుకోవడం అక్కడి అలవాటు. అన్నిటికన్నా ముందు బిక్షమ్మ డబ్బా, దాని పక్కన బిక్షమ్మ.

"కొత్త గిర్నికి పోలేదా అవ్వా?" సాల్మన్ ఆటోలోంచే అడిగాడు.

"ఎందుకు పోలే? ఎనిమిది రోజులు ఉపాసముంటమా? పిండి మంచిగనే పట్టిండు. గని ఆడ నాతోని మాట్లాడే మనిషే లేడు." బిక్షమ్మ నవ్వింది. "ఇయ్యాల మాత్రం నా జొన్నలయినంకనే కారం పట్టు!"

స్వర్ణ ఆటో దిగింది. ఇన్నాళ్లూ డబ్బా మూతలు తడిమి ఎవరిదో గుర్తుపట్టేది. ఇప్పుడు నల్లద్దాలు కాస్త పైకెత్తి, డబ్బాల మీద రంగుతో రాసిన పేర్లు చదవసాగింది.

"బిక్షమ్మ... పర్వతాలు... బీరన్న... ఆఖర్ది బాలస్వామిది. సొట్ట వడ్డది గదా, పాపం!"

సాల్మన్ మెట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

"మిషనింక షురూ చెయ్యనే లేదు, అప్పుడే కండ్లల్ల పిండి వడ్డదా ఏంది?" అంది స్వర్ణ.

"ఏం లే... నువ్వు సదువు స్వర్ణా. మల్లొక్కపారి మొదటికెల్లి సదువు."